అద్దె ఇంట్లో మేకు

మా ఇంట్లో సుత్తి లేదన్న సంగతి నాకు అమెరికా వచ్చిన పదకొండో ఏట తెలిసింది. ఇంట్లో మూడు లాప్‌టాపులున్నాయి, రెండు మానిటర్లున్నాయి, ఎందుకు కొన్నానో గుర్తులేని కేబుళ్ళు ఓ సంచెడున్నాయి. సుత్తి మాత్రం లేదు. పదకొండేళ్ళలో ఐదు ఇళ్ళు మారాను, ఒక్క గోడకీ ఒక్క మేకు కొట్టలేదు. డిపాజిట్లోంచి కోసేస్తారని భయం. అంతకంటే పెద్ద కారణం, 'ఎలాగూ మళ్ళీ మారతాం కదా' అన్న మాట.

ఆ మాట మీద నాకిప్పుడు చాలా కోపం ఉంది. ఎందుకో చెప్తాను.

2023 ఫిబ్రవరి మొదటి వారం. డాలస్‌లో ఐదేళ్ళుగా ఒకే క్లయింటు దగ్గర పనిచేస్తున్నాను. అంతకుముందు రెండు మూడు నెలల్లో పెద్ద పెద్ద కంపెనీలన్నీ వేల మందిని ఇళ్ళకి పంపించేశాయి. ఆ గాలి మా ప్రాజెక్టుకీ తగిలింది, బడ్జెట్ అయిపోయిందన్నారు. నేను పనిచేసే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ళు మినియాపోలిస్‌లో ఇంకో క్లయింటుని చూశారు. రెండు వారాల్లో అక్కడ ఉండాలి, ఉండగలవా అని అడిగారు. నేను ఉండగలనన్నాను. ఆలోచించడానికి ఎంతసేపు తీసుకున్నానో తెలుసా? ఫోన్లో అవతలివాడు ప్రశ్న పూర్తిచేసేంత సేపు.

మా ఆవిడని అడగలేదు. చెప్పాను. ఈ రెండింటికీ తేడా ఆ రోజు నాకు తెలియలేదు.

హెచ్-1 మీద ఉన్నవాళ్ళకి ఈ కంగారెందుకో విడమరిచి చెప్పనక్కర్లేదు. తెలియని ఇండియా పాఠకుల కోసం రెండు ముక్కలు. మా వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే 60 రోజులు మాత్రమే గడువు, ఆ గడువైనా 2017 జనవరి నుంచి వచ్చిన నియమం వల్లే. ఆ లోపల ఇంకో కంపెనీ మా తరఫున కాగితాలు పెట్టాలి, లేదా ఇంకో వీసాకి మారాలి, లేదా పెట్టే బేడా సర్దుకోవాలి. పని చేసే చోటు వేరే మహానగర ప్రాంతానికి మారితే అదే కంపెనీ అయినా సరే, కదలక ముందే సవరించిన పిటిషన్ వేయాలి. ఇది 2015లో వచ్చిన ఒక తీర్పు దగ్గర్నుంచీ ఖాయమైంది. గ్రీన్‌కార్డు సంగతంటారా, ఏ దేశానికీ ఏడాది కోటాలో 7 శాతానికి మించి ఇవ్వకూడదన్న లెక్క వల్ల మన క్యూ ఆ రోజుల్లో 2011 సంవత్సరం దగ్గరే తచ్చాడుతోంది. ఇలాంటి వాడు ఫోన్లో 'వస్తాను' అనక ఏమంటాడు?

సరే, అది నా భయం. నిజమైన భయమే. అయితే ఆ భయంతో నేను ఏం చేశానన్నది వేరే సంగతి.

మా ఆవిడ అప్పటికి రెండేళ్ళుగా ఒక చిన్నపిల్లల బడిలో పనిచేస్తోంది. నాకు ఐ-140 అప్రూవై, ఆమెకి హెచ్-4 మీద పనిచేసే కార్డు రావడానికి ఏళ్ళు పట్టింది. చేతికొచ్చాక దొరికిన మొదటి ఉద్యోగం అది. జీతం పెద్దదేం కాదు. కానీ నాలుగేళ్ళ పిల్లలు 'మిస్' అని వచ్చి కాళ్ళకి చుట్టుకునే ఉద్యోగం. వారం రోజుల నోటీసుతో మానేసింది. మా అమ్మాయి మూడో తరగతి. డాలస్ వచ్చినప్పుడు దానికి మూడేళ్ళు, దానికి తెలిసిన లోకం అంతా ఆ అపార్ట్‌మెంటూ, ఆ బడీ, పక్క బిల్డింగులో ఉండే ఇద్దరు స్నేహితురాళ్ళూ. మా బుడ్డోడికి మూడేళ్ళు, వాడికి ట్రక్కు వస్తోందంటే చాలు, పండగే.

సామాను ట్రక్కు పదిరోజులు ఆలస్యంగా వస్తుందన్నారు. అంటే అప్పటిదాకా కావలసినవి మా వ్యానులో పట్టినంత పట్టుకెళ్ళాలి. ఇక్కడే మా ఇంట్లో మొదటి యుద్ధం. నేను ముందుగా ఎక్కించినవి రెండు మానిటర్లు, ఆఫీసు కుర్చీ, రౌటరు. కుర్చీ కాళ్ళు విప్పితే గానీ పట్టలేదు. మా ఆవిడ గ్రైండరు ఎక్కించమంది. 'పది రోజులు ఇడ్లీ తినకపోతే చచ్చిపోం' అన్నాను. దేవుడి పటాల అట్టపెట్టె ఆమె తన ఒళ్ళో పెట్టుకుంది. మా అమ్మాయి ఒక పెట్టె తెచ్చి తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. దాని మీద మార్కరుతో 'ఎవరూ తెరవొద్దు' అని ఇంగ్లీషులో పెద్దక్షరాలతో రాసింది. నేను నవ్వి ఊరుకున్నాను.

డాలస్ నుంచి మినియాపోలిస్‌కి 35వ నంబరు ఇంటర్‌స్టేట్ మీద తిన్నగా ఉత్తరానికి పోవడమే. ఒక్లహోమా సిటీ, విచిటా, కాన్సస్ సిటీ, డి మొయిన్, దాదాపు 950 మైళ్ళు. ఆ రోడ్డుకో తమాషా ఉంది. డాలస్-ఫోర్ట్‌వర్త్ దగ్గర అది తూర్పు 35, పశ్చిమ 35 అని రెండుగా చీలి మళ్ళీ కలుస్తుంది. మళ్ళీ అంత దూరం పోయాక మినియాపోలిస్-సెయింట్‌పాల్ దగ్గర అచ్చం అలాగే చీలుతుంది. మా అమ్మాయి రోడ్డు గుర్తు చూసి 'నాన్నా, మనం మళ్ళీ డాలస్ వచ్చేశామా?' అంది. నిద్రమత్తులో అన్న మాట. మేమిద్దరం ఏమీ అనలేదు.

చేరింది ఫిబ్రవరి 18 రాత్రి. ఆ రోజు మహాశివరాత్రి. ఇల్లు ఖాళీ. గాలి నింపే పరుపు ఒకటి ఉంది, దాని మీద పిల్లలిద్దరూ పడుకున్నారు. మేమిద్దరం కోట్లు వేసుకుని కార్పెట్ మీద గోడకానుకుని కూర్చున్నాం. హీటరు ఎలా పెంచాలో తెలిసేసరికి తెల్లవారుజాము మూడయింది. మా అమ్మ ఇండియా నుంచి ఫోన్ చేసి 'జాగారం చేశారట్రా?' అని అడిగితే, చేశామమ్మా, శాస్త్రోక్తంగా చేశాం అన్నాను. పుణ్యం ఎంత వచ్చిందో శివుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ పాలు పొంగించింది. 'అద్దె ఇంటికి గృహప్రవేశం ఏమిటే' అన్నాను. ఆమె సమాధానం చెప్పలేదు. కాయిల్ స్టవ్ మీద పాలు పొంగాయి, మాడాయి, స్మోక్ అలారం మంగళవాద్యంలా మోగింది. ఆ పూట నేనేం చేస్తున్నానో తెలుసా? ఇంకో గదిలో కుర్చీ కాళ్ళు బిగిస్తున్నాను. సోమవారానికి నా టేబుల్ తయారుగా ఉండాలి కదా!

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. సోమవారం నేను క్లయింటు దగ్గరికి వెళ్తే నా లాప్‌టాప్ రాలేదు. బ్యాడ్జీ రాలేదు. మా మేనేజరు సెలవులో ఉన్నాడు. మంగళవారం నుంచి గురువారం దాకా మంచు తుఫాను, ఊళ్ళో అడుగు పైనే మంచు పడింది. ఈ వారమంతా ఎవరూ ఆఫీసుకి రావద్దు, ఇళ్ళ నుంచే పని చేసుకోండి అని మెయిల్. నా దగ్గర పని చేయడానికి వాళ్ళిచ్చిన మెషీనే లేదు. యాక్సెస్‌లన్నీ వచ్చేసరికి మార్చి రెండో తారీఖు అయింది. ఆ తర్వాత తెలిసింది ఏమిటంటే ఆ ప్రాజెక్టులో అందరూ వారానికి రెండు రోజులే ఆఫీసుకొస్తారు. నాతో పాటే అట్లాంటా నుంచి చేరాల్సిన ఇంకొకాయన 'మా పిల్లల బడి సంగతి చూసుకోవాలి, నెలరోజులు టైమివ్వండి' అని అడిగాడట. ఇచ్చారట. అడిగాడు కాబట్టి ఇచ్చారు. అంతే.

నేను అడగలేదు.

ఇక్కడ నేను చెప్పదలచుకున్న మొదటి మాట. హడావిడిలో రెండు రకాలున్నాయి. నిజంగా నెత్తి మీదున్న హడావిడి ఒకటి. 60 రోజుల గడియారం తిరుగుతున్నవాడికి ఎవరూ నీతులు చెప్పకూడదు, నేనూ చెప్పను. వాడు కట్టుబట్టలతో అలాస్కా వెళ్ళినా తప్పు లేదు. రెండోది మనం వినయంతో తెచ్చిపెట్టుకునే హడావిడి. అడిగితే ఏమనుకుంటారో, కాదంటే అవకాశం పోతుందేమో, పక్కవాడు ముందు ఒప్పుకుంటాడేమో అన్న హడావిడి. నాది రెండోది. నా ఉద్యోగం పోలేదు, జీతం ఆగలేదు, కంపెనీ కాగితాలు పెట్టింది. ఒక్క వాక్యం అడగాల్సిన చోట నోట్లో బెల్లం పెట్టుకుని కూర్చున్నాను. ఆ బెల్లం ఖరీదు ఇంట్లో మిగతా ముగ్గురూ కట్టారు.

ఎలా కట్టారో చెప్తాను. మంచు దేశంలో బడికెళ్ళే పిల్లలకి స్నో ప్యాంట్లు, బూట్లు ఉండాలి. లేకపోతే ఆటల వేళకి బయట మంచులోకి వెళ్ళనివ్వరు. నాకు తెలియదు. తెలిసి షాపుకి పరిగెత్తేసరికి ఫిబ్రవరి చివరాఖరు. ఈ దేశంలో బయట ఉష్ణోగ్రత సున్నాకి దిగువనున్నా సరే, షాపుల్లో అప్పటికే చలికాలం బట్టలు తీసేసి ఈత దుస్తులు వేలాడదీస్తారు. మూడు షాపులు తిరిగాం, దాని సైజు లేదు. బడిలో మొదటి రోజు తుఫాను వల్ల వారం వెనక్కి పోయింది. ఆ తర్వాత రెండు రోజులూ మా అమ్మాయి ఆటల వేళకి లోపల కిటికీ దగ్గర కూర్చుంది. మూడో రోజు టీచరమ్మ బడిలో ఉన్న పాత బట్టల పెట్టెలోంచి ఒక ఊదారంగు ప్యాంటు వెతికి తొడిగి పంపిందట. ఈ సంగతి మాకు అది చెప్పలేదు. ఏప్రిల్లో టీచరమ్మే చెప్పింది.

నేనేమో ఆ రెండు రోజులూ రాని లాప్‌టాప్ కోసం ఎదురుచూస్తూ క్లయింటు వాళ్ళ కాఫీ గదిలో కూర్చున్నాను.

ఇక పెట్టె సంగతి. మే నెల చివర, బడి సెలవులివ్వబోయే ముందు, దాని గది వాక్యూమ్ చేస్తుంటే మంచం కింద తగిలింది. 'ఎవరూ తెరవొద్దు'. టేపు అలాగే ఉంది. మూడున్నర నెలలైంది. ఏమైనా పాడైపోయే వస్తువులున్నాయేమోనని అడిగాను. లేవంది. మరి తెరవలేదేమే అన్నాను. అది చాలా మామూలుగా, హోమ్‌వర్కు గురించి చెప్తున్నట్టు చెప్పింది:

"మళ్ళీ వెళ్ళేటప్పుడు సర్దక్కర్లేదు కదా నాన్నా."

మన అమ్మమ్మలు అంటారే, పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు అని. ఆ సామెత వినేటప్పుడు మనమెప్పుడూ పిల్లి వైపు నుంచే ఆలోచిస్తాం. పాపం, పిల్లల్ని కాపాడుకోవడానికి ఎంత శ్రమ పడుతోందో అని. నోట కరుచుకున్న పిల్లకూన ఏమనుకుంటుందో ఎవరూ అడగలేదు. నా కూనకి ఎనిమిదేళ్ళకే అర్థమైపోయింది, ఏ ఇల్లూ మనది కాదని, మూట విప్పకుండా ఉంచుకోవడమే తెలివని. ఎవరు నేర్పారు? పదకొండేళ్ళుగా 'ఎలాగూ మళ్ళీ మారతాం కదా' అని రోజుకోసారి అన్నది ఎవరు? మంచి సోఫా కొందామంటే ఆ మాట. పెరట్లో, అదే, బాల్కనీలో కరివేపాకు మొక్క పెడదామంటే ఆ మాట. గోడకి పటం తగిలిద్దామంటే ఆ మాట.

మా నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డులో పనిచేసేవారు. నాకు ఊహ తెలిశాక నాలుగు ఊళ్ళు మారాం. తెనాలి, మార్కాపురం, గుడివాడ, మళ్ళీ తెనాలి. కాబట్టి ఊళ్ళు మారడం పాపమని నేనను. కానీ ఆ మారడానికి ఒక పద్ధతి ఉండేది. ఆయనకి బదిలీలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే వచ్చేవి. లారీ దిగగానే అమ్మ మొదట లోపలికి తీసుకెళ్ళేవి దేవుడి పటం, ఉప్పు, పసుపు, బిందెడు నీళ్ళు. కిరసనాయిలు స్టవ్ వెలిగించి పాలు పెట్టేది. నాన్నగారి ఫైళ్ళ పెట్టె ఎక్కడుందో సాయంత్రం దాకా ఎవరికీ తెలిసేది కాదు, ఆయన అడిగేవారూ కాదు. పక్కింటివాళ్ళు మొహమాటంగా కాఫీ గ్లాసులు పట్టుకొచ్చేవారు. అవన్నీ అయ్యాక అమ్మ అనేది, 'ఏమండీ, ఇక్కడో మేకు కొట్టండి' అని. వెంకట్రామా క్యాలెండరు తగిలించడానికి. రోకలిబండ తోనో రాయితోనో నాన్న మేకు కొట్టేవారు. సున్నం పెచ్చు రాలేది. ఇంటివాళ్ళు చూసి మూతి ముడిచేవారు. ఆ క్యాలెండరు ఎక్కాక ఆ గోడ మా గోడ అయిపోయేది. ఆ ఇంట్లో రెండేళ్ళుంటామో, ఆరునెలలుంటామో ఎవరికి తెలుసు?

మా నాన్నకి తెలిసిందీ నాకు తెలియనిదీ ఇదే. ఎంతకాలం ఉంటామన్నది మన చేతిలో లేదు. ఎలా ఉంటామన్నది ఉంది.

దీనికి అడ్డు చెప్పే మిత్రులున్నారు. వాళ్ళ మాటలూ న్యాయంగా వినాలి.

ఒకాయన అంటాడు: వీసా మీద ఉన్నవాడు అతిథి, అతిథి గోడకి మేకులు కొట్టకూడదు, పొదుపు చేసుకోవాలి, రేపేం జరుగుతుందో తెలియదు. పొదుపు మంచిదే. అందుకని ఇల్లు కొనమని నేననడం లేదు. కరివేపాకు మొక్క పదిహేను ఇరవై డాలర్లు. మేకుల డబ్బా ఐదు డాలర్లు. మేము డాలస్ ఇంట్లో ఐదేళ్ళు ఒక్క మేకు కొట్టలేదు సరే, ఖాళీ చేసినప్పుడు రంగులకని, కార్పెట్‌కని 180 డాలర్లు కోశారు. మేకు కొట్టనందుకు ఎవరూ తిరిగి ఒక్క సెంటు ఇవ్వలేదు. పైగా అతిథి అన్నాడు చూశారూ, పదకొండేళ్ళు ఉన్నవాడు అతిథి ఎలా అవుతాడు? మా అమ్మాయికి ఈ దేశం తప్ప ఇంకోటి తెలియదు. దానికి నా వీసా పేరు కూడా తెలియదు.

ఇంకో మిత్రుడు అంటాడు: పిల్లలకి అన్నీ అలవాటవుతాయి, వాళ్ళు మనకన్నా గట్టివాళ్ళు. ఈ మాట నేనూ అన్నాను. ఆ కిటికీ దగ్గర కూర్చున్న రెండు రోజుల గురించి వినేదాకా అన్నాను. పిల్లలు గొడవ చేయకపోవడాన్ని మనం అలవాటవడం అనుకుంటాం. మా అమ్మాయి ఏడవలేదు, అలగలేదు, అన్నం మానలేదు. పెట్టె విప్పలేదు. అంతే.

మూడో ఆయన చెప్పేది ఆలోచించాల్సిన మాట. మగవాడు ముందు వెళ్ళి, సోమవారం ఎక్కి గురువారం దిగే విమానాలతో నెట్టుకొచ్చి, బడి అయ్యాక జూన్‌లో సంసారం దింపుకోవడం మేలు కదా అంటాడు. చాలామంది చేస్తున్నారు. పాత లీజు మధ్యలో వదిలితే రెండు నెలల అద్దె కట్టాలి, అదెలాగూ దండగే, ఆ డబ్బుతో కొన్నాళ్ళు టికెట్లు వస్తాయి. నిజమే. కానీ ఇద్దరు చిన్నపిల్లలతో ఉద్యోగం చేసుకుంటూ ఒక్కతే నాలుగు నెలలు ఉండాల్సింది ఆవిడ. కాబట్టి ఆ నిర్ణయం ఆవిడది. నా తప్పు మా వాళ్ళని వెంట తీసుకెళ్ళడం కాదు. ఈ లెక్క ఆవిడతో కలిసి కూర్చుని వేయకపోవడం. తర్వాత ఎప్పుడో అడిగాను, ఆ రోజు అడిగితే ఏమనేదానివి అని. 'వచ్చేదాన్నే' అంది. 'కానీ మా బడిలో పిల్లలకి ఒక నెల ముందు చెప్పి వచ్చేదాన్ని' అంది.

మనం ఊరు మారితే పది రోజుల్లోగా ఇమిగ్రేషన్ వాళ్ళకి కొత్త చిరునామా చెప్పాలి. ఏఆర్-11 అని ఒక ఫారం. నేను ఈ విషయంలో మహా నిష్ఠాగరిష్ఠుణ్ణి. వచ్చిన మూడో రోజే, మంచు కురుస్తుంటే, ఫోన్లోనే నింపేశాను. మినెసోటా వాళ్ళు కారు రిజిస్ట్రేషనుకీ, లైసెన్సుకీ 60 రోజులిస్తారు, నేను ముందే చేసేశాను. ప్రభుత్వానికి చెప్పాను, బ్యాంకుకి చెప్పాను, ఇన్సూరెన్సుకి చెప్పాను. ఎనిమిదేళ్ళ పిల్లకి 'ఇది మన ఇల్లు' అని చెప్పడానికి ఏ ఫారమూ లేదు కాబట్టి చెప్పలేదు.

అందుకని నాలాంటి వాళ్ళకి నాకు తోచిన నాలుగు మాటలు. సలహా అనుకోండి, సొద అనుకోండి.

ఒకటి, అవతలివాడు ఎప్పుడు రాగలవంటే వెంటనే తారీఖు చెప్పకండి. 'రేపు చెప్తాను' అనండి. ఆ ఒక్కరోజులో కొంప మునిగే ఉద్యోగమైతే అది నాలుగు నెలల్లో ఎలాగూ మునుగుతుంది. ఇంటికెళ్ళి అడగండి, చెప్పకండి.

రెండు, వ్యానులో ముందు ఎక్కాల్సింది వంటిల్లు, దేవుడు, పిల్లల గది. మానిటర్లు ట్రక్కులో రావచ్చు. ఇడ్లీ లేక పది రోజుల్లో ఎవరూ చచ్చిపోరన్నది నిజమే. కానీ పదో రోజు గ్రైండరు దిగి, పదకొండో రాత్రి పిండి పులిసి, పన్నెండో రోజు పొద్దున ఇంట్లో ఆ వాసన వచ్చినప్పుడు మా బుడ్డోడు 'మనిల్లు వచ్చేసింది' అన్నాడు. వాడి లెక్కలో ఇల్లు ఆ రోజు వచ్చింది.

మూడు, కొత్త ఊరి బడికి మీరే ముందు ఫోన్ చేయండి. టీకాల కాగితం, లీజు కాగితం ఏం కావాలో వాళ్ళే చెప్తారు, అది అందరూ అడిగేదే. 'ఈ ఊళ్ళో పిల్లలు రోజూ ఏం వేసుకొస్తారు, ఆటల వేళకి ఏం కావాలి' అని కూడా అడగండి. ఇది ఎవరూ అడగరు.

నాలుగు, మొదటి వారంలోనే ఒక మేకు కొట్టండి.

నేను మే నెలలో కొట్టాను. పెట్టె దొరికిన మర్నాడే షాపుకెళ్ళి సుత్తి కొన్నాను. ఈ గోడలు సున్నం గోడలు కావు, అట్టముక్కలు. మొదటి మేకు వంగింది, రెండోది లోపలికి పోయి గోడ వెనక పడిపోయింది, దాని చప్పుడు కూడా వినిపించింది. మా ఆవిడ తలుపు దగ్గర నించుని 'మీ నాన్నగారైతే రాయితో కొట్టేవారు' అంది. లోపల చెక్క ఎక్కడుందో వేళ్ళతో తట్టి చూసి మూడోది కొట్టాను, నిలిచింది. చిన్న చెక్క అర తగిలించాను. మా అమ్మాయిని పిలిచి, 'ఈ అర నీది, దీని మీద ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం' అన్నాను. అది చాలాసేపు అర వైపు చూసి, 'వెళ్ళేటప్పుడు ఈ కన్నాలకి డబ్బులు కోస్తారు కదా?' అంది. కోస్తే కోశారులే, నేనిస్తాను అన్నాను.

ఆ సాయంత్రం పెట్టె విప్పింది. ఏటికొప్పాక లక్కపిడతలు, మా అత్తగారు ఇచ్చినవి. బుల్లి తిరగలి, బుల్లి కుంపటి, బుల్లి బిందె. డాలస్ స్నేహితురాళ్ళు రాసిచ్చిన రెండు ఉత్తరాలు. పక్క బిల్డింగు ముందు ఏరుకున్న ఓ గులకరాయి. వరసగా అర మీద పెట్టింది, గులకరాయి చివర.

ఈ క్లయింటు పనీ ఏదో ఒకరోజు అయిపోతుంది. మళ్ళీ ఫోన్ వస్తుంది. మళ్ళీ మారతాం, మారమని నేనెవరికీ మాటివ్వలేను, మా అమ్మాయికి కూడా ఇవ్వలేదు. దానికిచ్చిన మాట ఒకటే. ఈసారి ఏఆర్-11 వాళ్ళకంటే ముందు నీకు చెప్తాను, సుత్తి వ్యానులో పెడతాను, ట్రక్కులో కాదు అని.

సుత్తి ఇప్పుడు వంటింటి సొరుగులో, అట్లకాడ పక్కన ఉంది.